ఉప్పు చూసే మనిషి

కార్వేటినగరం,
ఫిబ్రవరి 22

జహీరాకు,

నీ పంకజక్క రాసేది. క్షేమమా అని అడగాలంట, అడిగినా. నాకు ఫోన్ చెయ్యొద్దని ఎన్ని తూర్లు చెప్పినా మీ కోడలు సల్మా చేస్తానే ఉండాది. నా కుడి చెవి పూర్తిగా పొయింది మే, ఎడమదాంట్లో తేనెటీగలు. ఆ పిల్ల ఆడ "పెద్దమ్మా, పెద్దమ్మా" అని గొంతు చించుకుంటాది, నేనీడ "ఆ, తిన్నా, తిన్నా" అంటా. ఏం అడిగినా తిన్నా అనే. దానికంటే కాయితమే మేలు. సంచి ఎట్లాగూ తిరుపతి బస్సులో వేస్తా గదా, దాంతోపాటు ఇదీ వస్తాది.

సంచిలో పైన తడిగుడ్డలో చుట్టింది చింతచిగురు. మా తోట చివర చెట్టుది, ఈ యేటి మొదటి చిగురు. ఇంకా ఎర్రగానే ఉండాది, పులుపు తక్కువ, కొంచెం ఎక్కువే పడతాది. దాని కింద మామిడి పిందెలు, మొన్న గాలికి రాలినవి. ఉప్పునీళ్ళలో వేసుకో. అడుగున మునగపువ్వు ఉండాది, అది మాత్రం ఈ పొద్దే వండెయ్. రేపటికి పెట్టినావంటే నల్లబడిపోతాది.

నువ్వు ఆ చిగురు వేసి మాంసం వండుతావు చూడు, దానికి మా ఆయన పడి చచ్చేవాడు. నేను పప్పు చేస్తే "బాగుండాది పంకజం" అనేవాడు. మీ ఇంట్లోనించి గిన్నె వచ్చిందంటే నోరు మెదపకుండా తినేవాడు. ఏది బాగుండాదో నాకు తెలీదా! చెట్టెక్కి కోసేది కూడా ఆయనే గదా. ఈ యేడు అక్కమ్మ కొక్కెంతో కొమ్మ వంచి కోసిచ్చింది. అక్కమ్మ అంటే మీరు ఖాళీ చేసిన ఇంట్లోకి బాడుగకొచ్చిన మనిషి. మంచిదే, మాటలే జాస్తి.

నీకు రంజాన్ మొదలైంది గదా. ఆడ ఎవురు ఉప్పు చూస్తా ఉండారు? ఈడ ఉండేటప్పుడు సాయంత్రం ఉపవాసం విడవక ముందే గోడ మీద నుంచి గరిటె వచ్చేది, "అక్కా, ఉప్పు చూడు" అని. నాలుక మీద పెట్టి ఊసేస్తే తప్పులేదంట గదే అని నేనంటే, "మా అత్త ఒప్పుకోదు" అనేదానివి. మీ అత్త పొయినాక కూడా అదే మాట. ముప్పై యేండ్లు నువ్వు ఉపవాసం ఉంటే నేను తిన్నా. ఆ పుణ్యం ఎవురికి పొయిందో మీ దేవుడికే తెలియాల.

నేను ఈ పొద్దు చింతచిగురు పప్పు చేసుకున్నా. కమ్మగా ఉండాది. నా గురించి దిగులు పడొద్దు. నువ్వు మాంసం వండినాక ఎట్లుండాదో రాయి. నీ కొడుకు నిస్సార్ కుట్టు మిషను బాగా ఆడతా ఉండాదా?

పంకజం


తిరుపతి,
ఫిబ్రవరి 27

పంకజక్కకు సలాం.

సంచి వచ్చింది. చిగురు వాడిపోలేదు. మాంసం వండినా. అందరూ తిన్నారు. గిన్నె ఖాళీ అయింది.

మా ఆయనకు షుగరు గదా, రోజా ఉండడు. ఆయనే ఉప్పు చూస్తా ఉండాడు. పండగ కుట్టుళ్ళు శానా వచ్చినాయి, మిషను ఆగడంలా. కొడుకు కత్తిరిస్తాడు, సల్మా కూడా పక్కన కూర్చోని కాజాలు కుడతా ఉండాది. వంటిల్లంతా నాదే.

మామిడి పిందెలు ఉప్పునీళ్ళలో వేసినా. మునగపువ్వు వేయించినా.

నువ్వు పప్పు చేసుకున్నావంటే సంతోషం.

జహీరా


కార్వేటినగరం,
మార్చి 2

మే జహీరా,

అది జాబా, కరెంటు బిల్లా?

"అందరూ తిన్నారు" అంట. నువ్వు తిన్నావా? నాకు తెలిసిన జహీరా అయితే, "ఏందక్కా, ఇంకో వారం ఆగి కోసింటే పులుపు పట్టేది గదా, అంత తొందరేంది" అని నాలుగు వాయించింటాది. మామిడి పిందెల గురించి నోరూరకుండా రాసే మనిషివా నువ్వు? సల్మా కడుపుతో ఉన్నప్పుడు ఆమెకని పంపిన పిందెలు నువ్వే సగం తినేస్తివి, మర్చిపొయినావా? పైగా "ఉప్పు సరిపోయిందో లేదో చూసినా" అంటివి. జాడీ సగానికొచ్చేదాకా చూసినావు!

ఏమైంది? సల్మాతో ఏమన్నా మాటొచ్చిందా? ఒంట్లో బాగలేదా? మింగలేక కక్కలేక ఉండొద్దు. చెప్పు. నాతో కాకపోతే ఎవురితో చెప్తావు ఆ ఊర్లో?

ఈ తూరి చిగురు పచ్చబడింది. పులుపు పట్టింది. ఇంకా తప్పు పట్టినావంటే చెట్టు కాడికి నువ్వే రావాల.

పంకజం


తిరుపతి,
మార్చి 6

అక్కా,

చెప్తా. ఎవురితోనూ అనొద్దు.

చలికాలంలో నాకు జొరం వచ్చింది గదా. ఆ జొరం పొయ్యేటప్పుడు నా నాలుకను తీసుకోని పొయింది. వాసనా లేదు, రుచీ లేదు. మొదట పథ్యం తిండి కాబట్టి అనుకున్నా. ఒకరోజు తెల్లగడ్డ పాయలు మాడి ఇల్లంతా పొగ వచ్చింది, నాకు పొగ కండ్లకే తెలిసింది. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పొయినా. రావొచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టండి అన్నాడు. పడతా ఉండా.

నీ చిగురు వేసి మాంసం వండినా. మెత్తగా తగిలింది మాంసం, పీచుగా తగిలింది చిగురు. అంతే తేడా. మామిడి పిందె కరకర అన్నది. నా పంటికి మాత్రం అది మామిడికాయ అని తెలిసింది. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అంటారే, ఆ ఎద్దును నేనే.

ఏడుపు వస్తాదేమో అని చూసినా. రాలేదు. కోపమూ లేదు. నాలుక ఎట్లుండాదో లోపల కూడా అట్లనే ఉండాది.

ఒక్క భయం మాత్రం ఉండాది. ఈ నెల రోజా పుణ్యమా అని గుట్టు దాగింది. వండే మనిషి పగలు నోట్లో పెట్టుకోకపోతే ఎవురికీ అనుమానం రాదు. పిల్లి కండ్లు మూసుకోని పాలు తాగినట్టు జరిగిపోతా ఉండాది. పండగ అయిపోతే? సల్మా మంచి పిల్ల. అందుకే భయం. "మీరు కూర్చోండి అమ్మీ, నేను చేస్తా" అంటాది. కూర్చున్నానంటే ఇంక నేను లెయ్యను అక్కా. కార్వేటినగరంలో నాకు గోడ ఉండింది, నువ్వు ఉండినావు, పెరడు ఉండింది. ఈడ మేడ మీద రెండు గదులు. ఆ పొయ్యి ఒక్కటే నాది. అది కూడా పోతే ఈ ఇంట్లో నేనెవురు?

పదిహేనో తేదీ మసీదుకు ఇఫ్తార్ గంజి మా ఇంట్లోనించే పోవాల. ఇంత పెద్ద అండా నిండా కాచాల. రోజూ దాన్నే తలుచుకుంటా ఉండా.

జహీరా


కార్వేటినగరం,
మార్చి 9

ఓసి పిచ్చిదానా,

ఇన్ని రోజులు దాన్ని కడుపులో పెట్టుకోని కూర్చున్నావా! బుద్ధుండాదా నీకు? చదవతా చదవతా నీమీద కోపమే వచ్చింది నాకు. నాలుక పోతే పొయింది, నోరు కూడా పడిపొయిందా, నాకు చెప్పేదానికి?

సరే, విను. ఇన్నేండ్లు నేను నైవేద్యం వండితిని. ఏనాడన్నా నోట్లో పెట్టుకోని చూసినానా? దేవుడికి పెట్టకముందు నాలుక తగిలితే అది ఎంగిలి. పులిహోర, పొంగలి, శనిగల గుగ్గిళ్ళు, అన్నీ చూడకుండా చేసినవే. నువ్వు నెలరోజులు చేసే పని నేను ప్రతి పండక్కీ చేసినా. ఉప్పు ఎప్పుడూ తప్పలేదు. దేవుడెట్లాగూ అడగడనుకో, మా ఆయన ఊరుకునేవాడా? కాబట్టి ఇంక నువ్వు మనుషులకు కూడా దేవుడికి వండినట్టు వండు. అంతే.

వాసన కూడా లేదంటివి. కండ్లుండాయి, వేళ్ళుండాయి. చెవులు నాకంటే నీకే బాగుండాయి. తిరగమాతలో ఆవాల చప్పుడు ఆగినాక జీలకర్ర వెయ్, అది రంగు తిరిగితే దించు. తెల్లగడ్డ అంచు ఎర్రబడితే చాలు, నడుమ ఎర్రబడేదాకా ఉంచొద్దు. చింతచిగురు అరచేతుల్లో నలిపితే ఈనెలు విడిపోయి ఆకు పొడిపొడిగా రాలాల. ఎర్ర చిగురైతే రెండు గుప్పిళ్ళు, పచ్చ చిగురైతే ఒకటే.

ఇంక ఉప్పు. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అందంట అది. దాని పొగరు దానిది, నువ్వు బెదరొద్దు. మీ ఇంటికి చాలినంత పప్పుకైతే మూడు వేళ్ళతో పట్టినంత, రెండుసార్లు. గంజికైతే పడి నిండా కొలిచిన బియ్యానికి మూసిన పిడికెడు. ఎత్తుగా కాదు, వేళ్ళు మూస్తే ఉప్పు బయటికి కనపడకూడదు. కైమా వేస్తావు గదా, దానికని ఇంకొక చిటికెడు. కొబ్బరిపాలు పోసినాక మళ్ళా ఉప్పు జోలికి పోవద్దు.

నేనీడ రోజూ అట్లనే చేసుకుంటా ఉండా.

మాకు ఈ యేడు ఉగాది లేదు. ఆయన కార్తీకంలో పొయినాడు గదా, ఏడాది తిరిగేదాకా పండగ చెయ్యకూడదు. వేపచెట్టు విరగబూసింది. వాకిట్లో రాలతా ఉండాది, ఊడ్చేస్తా ఉండా. నాకూ ఏమీ అనిపించడంలా అనుకో. ఆ సంగతి వదిలెయ్.

పంకజం


తిరుపతి,
మార్చి 13

అక్కా,

నీ చిటికెలతో పప్పు చేసినా. మా ఆయన చూసి, "సరిపొయింది" అన్నాడు. మర్నాడు వంకాయ చేసినా. సరిపొయింది అన్నాడు. ఇంక ఆయన్ను పిలవడంలా. తినేటప్పుడు ముఖాలు చూస్తా కూర్చుంటా. ఎవురూ నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపకపోతే బాగుందని లెక్క.

ఎల్లుండి గంజి. నీ పిడికెడుతోనే చేస్తా. ఎవురి నాలుకనూ అడగను. కింద వాటాలో రోజా లేని వాళ్ళు ఉండారు, పిలిస్తే వస్తారు. పిలవను. ఇది ఒక్కదాన్నే చెయ్యగలిగితే పండగ తర్వాత కూడా పొయ్యి నాదే. అది చూసుకోవాల నేను.

జహీరా


తిరుపతి,
మార్చి 23

పంకజక్కకు సలాం.

పండగ అయిపొయింది. గంజి సంగతి రాయలేదని అనుకుంటా ఉంటావు. రాస్తా.

పడి బియ్యానికి పిడికెడు లెక్కన, నాలుగు పడుల బియ్యానికి నాలుగు పిడికెళ్ళు వేసినా. పుదీనా, కైమా, కొబ్బరిపాలు, అన్నీ నువ్వు చెప్పినట్టే. రంగు బాగుండింది. కొడుకూ మా ఆయనా అండా మోసుకోని పొయినారు. ఇంట్లోకని ఒక గిన్నె పక్కన పెట్టినా.

మసీదులో బాంగు వినపడింది. ఖర్జూరం తిని, గిన్నె తెచ్చుకోని సల్మా ఎదురుగ్గా కూర్చున్నా. గంజి తాగినా. గోరువెచ్చగా ఉండింది, గొంతులోకి బాగా దిగింది. గిన్నె ఖాళీ చేసి, "బాగుండాది, నువ్వు కూడా తాగు" అన్నా. సల్మా ఒక చెంచా నోట్లో పెట్టుకునింది. పెట్టుకోని నన్నే చూస్తా ఉండిపొయింది. మింగలా, ఊసెయ్యలా. నేను రెండో గిన్నె పోసుకుంటా ఉన్నా.

"అమ్మీ," అని నా చెయ్యి పట్టుకునింది. "మీకు తెలీడంలా?"

అంతలో కొడుకూ మా ఆయనా అండా మోసుకోని తిరిగొచ్చినారు. నిండుగానే ఉండాది. పొద్దంతా నీళ్ళు ముట్టని మనుషులు అక్కా, వాళ్ళ నోట్లో మొదటి గుక్క అది. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదంట. గ్లాసులు నేల మీద పెట్టి నీళ్ళు తాగినారంట. తిట్టింటే బాగుండు.

సల్మా అడిగింది, ఎంత వేసినారని. పిడికిలి మూసి చూపించినా. ఉప్పు డబ్బా తీసి నా ముందర పెట్టింది. "ఇది మెత్తుప్పు అమ్మీ" అనింది. కార్వేటినగరంలో మనిద్దరి జాడీల్లోనూ కల్లుప్పే గదా. ఈడికొచ్చినాక సల్మా తెచ్చేది ప్యాకెట్ ఉప్పు. రాళ్ళ మధ్యన సందు ఉంటాది, పిండి మధ్యన ఉండదు. ఇన్నాళ్ళూ నా నాలుకే సరిచేసుకుంటా వచ్చింది, చేతికి ఆ సంగతి తెలీనే తెలీదు. నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. చిటికెల్లో కనపడని తేడా పిడికిట్లో బయటపడింది.

చెప్పేసినా అంతా. కొడుకు డాక్టరు పేరు అడిగినాడు. సల్మా ఏడ్చింది. ఏడ్చినాక ఆ మాటే అనింది. "మీరు కూర్చోండి అమ్మీ." పండక్కి సేమ్యా, బిర్యానీ, అన్నీ ఆ పిల్లే చేసింది. నేను వంటింటి గడప కాడ పీటేసుకోని కూర్చున్నా. వచ్చినోళ్ళందరూ బాగుండాది అన్నారు. నాకు సిగ్గూ వెయ్యలా, దుఃఖమూ వెయ్యలా. పీట మీద కూర్చోవడం కూడా అలవాటైపోతా ఉండాది. అది నాకు బాగలేదు అక్కా.

ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఖాళీగా కూర్చోని నీ జాబులన్నీ మళ్ళా చదివినా. పప్పు చేసినా, రోజూ చేసుకుంటా ఉండా అని రాస్తావు. పులుపు ఎట్లుండాదో ఒక్క ముక్క లేదు. కోసిన చిగురంతా నాకే వస్తా ఉండాది, చెట్టు ఊడ్చినట్టు. నన్ను అడిగిన మాటే నిన్ను అడుగుతా ఉండా. అందరూ సరే, నువ్వు తిన్నావా?

జహీరా


కార్వేటినగరం,
ఏప్రిల్ 1

జహీరాకు,

లేదు.

కార్తీకం నుంచి ఈ ఇంట్లో పొయ్యి ముట్టించలేదు. మధ్యాన్నం అక్కమ్మ సంగటి తెస్తాది, దాంట్లోకి ఏదో తెస్తాది. పొద్దు గూకినాక అడిగితే ఏం తిన్నానో చెప్పలేను. రాత్రికి పాలు, అవీ అక్కమ్మ కాచిచ్చేవే. చిగురు నీకు పంపింది ప్రేమ ఒక్కటే అనుకోవద్దు. ఈడ పెట్టుకుంటే వండాల. వండితే ఒక్కదానికి వండాల. నా చేతికి ఇద్దరి కొలతే తెలుసు మే, ఒక్కరి కొలత యాడ నేర్చుకునేది ఈ వయసులో? నీకు నాలుక లేదని నీకు పాఠాలు చెప్పినా. నాకు నాలుక ఉండాది, దాంతో నాకు పనే లేకపాయె.

పిడికెడు లెక్క కూడా పాత లెక్కే. ఈ యేడు పొయ్యి కాడ నిలబడి వేసి చూసి రాసింటే, ఏ ఉప్పు అని అడిగేదాన్నేమో. కూర్చోని రాసినా. నీ గంజి చెడిందంటే సగం పాపం నాది.

నీ జాబు వచ్చినాక రెండు రోజులు నేను మంచం దిగలేదు. మూడో రోజు అంగడికి పోయి ప్యాకెట్ ఉప్పు అడిగినా. అంగడాయన నన్నూ ప్యాకెట్టునూ మార్చి మార్చి చూసినాడు. ఇంటికొచ్చి పొయ్యి తిప్పితే వెలగదే! బర్నర్లో పురుగు గూడు పెట్టింది. పుల్లతో గీకి, తుడిచి, వెలిగించేసరికి చెమటలు పట్టినాయి. పావు పడి బియ్యంతో గంజి కాచినా, నీకు సరైన లెక్క రాయాల గదా అని. మొదటి తూరి చప్పన. రెండో తూరి నీ మసీదు గంజికి అక్క మాదిరి. ఆ రెండూ అక్కమ్మ గేదె తాగింది, దానికీ రెండోది నచ్చలేదు. మూడో తూరి కుదిరింది. రాసుకో. నా మూసిన పిడికెడు కల్లుప్పు అంటే, ఆ మెత్తుప్పు అర పిడికెడు, పైన ఒక చిటికెడు. నీ చెయ్యి నాకంటే చిన్నది, అదీ చూసుకో.

పీట ఎత్తి గోడకు ఆనించు. పొయ్యి కాడికి పో. సల్మా అడ్డమొస్తే, నువ్వు ఉప్పు చూడు, నేను వండుతా అను. అడిగేదానికి నామోషీ ఏందే? గోడ మీద గరిటె పెట్టి ఊరంతా వినపడేటట్టు నన్ను అడగలేదా? ఉప్పు చూసే మనిషి ఒకరుంటే చాలు, వంట నీది కాకుండా పోదు. ఆ పిల్ల వద్దనదు. అంటే నాకు రాయి, నా ఎడమ చెవితోనే ఫోన్ చేసి తిడతా.

ఇంకొకటి. గంజి చూసి చూసి నోరు చప్పగా అయిపొయింది. పొయ్యి ఎట్లాగూ వెలిగింది గదా అని నీకు పంపాలని కోసిపెట్టిన చిగురుతో పప్పు చేసినా. ఇద్దరి కొలతే పడింది. అన్నం పెట్టుకోని కూర్చున్నా. పులుపు ఎట్లుండాదో రాయలేదంటివి గదా, రాస్తా. పులుపు సరిగ్గా ఉండాది. తెల్లగడ్డ బాగా వేగింది. ఉప్పు సరిపొయింది. ఆయన పొయినాక ఈ రుచులన్నీ కూడా పోయింటాయి అనుకున్నా మే. ఏమీ పోలేదు. ఆయన ఉన్నప్పుడు ఎంత బాగుండేదో అంతే బాగుండాది. నాకు చెప్పలేనంత కోపమొచ్చింది దానిమీద. ఒక్క రవ్వన్నా తగ్గి ఉండకూడదా?

తిన్నా. చాలలేదు. మళ్ళా పెట్టుకున్నా. రెండోసారి అన్నం కలుపుతా ఉంటే ఏడుపొచ్చింది. ఆయన్ను ఎత్తుకోని పొయిన రోజు రాలేదు, దినాల్లో రాలేదు, అందరూ పంకజం రాయి అయిపొయిందన్నారు. ఇప్పుడొచ్చింది, ముద్ద నోట్లో ఉండంగానే. ఏడస్తానే ఆయన వంతు కూడా తినేసినా.

పంకజం